నాన్చి నాన్చి పదకొండో నంబర్‌ను పోగొట్టుకున్నాం

మావాడు నా వైపు వీపు పెట్టి నిలబడి "చదువు నాన్నా" అన్నాడు. జెర్సీ మీద పార్సన్స్ అన్న పేరుండే చోట నీలం టేపు అడ్డంగా అంటించి ఉంది. గోడలకు రంగులు వేసేటప్పుడు అంచులకు వేస్తారే, ఆ టేపు. దాని మీద నల్ల మార్కర్‌తో మా ఇంటిపేరు రాసుకున్నాడు. మా ఇంటిపేరు కొంచెం పొడుగు. చివరి నాలుగక్షరాలు చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కింద 11 అంకె మాత్రం అలాగే ఉంది.

"నంబర్‌తో మనకేం గొడవ లేదు కదా" అన్నాడు.

అది 2025 ఆగస్టు 28, గురువారం. ఆ మధ్యాహ్నమే మా డాలస్ కౌబాయ్స్ వాళ్లు మైకా పార్సన్స్‌ను గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఇచ్చేశారు. సీజన్ మొదటి ఆటకు సరిగ్గా వారం ముందు. బదులుగా వచ్చింది కెన్నీ క్లార్క్ అనే డిఫెన్సివ్ టాకిల్, 2026, 2027 డ్రాఫ్టుల్లో ఒక్కో ఫస్ట్ రౌండ్ పిక్. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ ఒకసారి వణికింది, తర్వాత ఆగకుండా వణుకుతూనే ఉంది. ఊళ్లో ఎవరికైనా ఏమైనా అయిందేమోనని గుండె ఝల్లుమంది. బయటికి వచ్చి చూస్తే ఇదీ సంగతి.

అమెరికా ఫుట్‌బాల్ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. డ్రాఫ్ట్ అంటే కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే తతంగం, ఒక్కో వంతు ఒక పిక్. పార్సన్స్ పని ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే అతన్ని పడగొట్టడం. దాన్నే శాక్ అంటారు. నాలుగు సీజన్లలో 52.5 శాక్‌లు చేశాడు, ఏ ఏడూ పన్నెండుకు తగ్గలేదు. చీలమండ దెబ్బతో నాలుగు ఆటలు పోయిన 2024లో కూడా. అలాంటివాణ్ణి ఇరవయ్యారేళ్ల వయసులో ఎవరైనా చేతులారా వదులుకుంటారా అని మీరు అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను ఎనిమిది నెలలు గడిపాను.

ఆటలు చూడటం నాకు చాలా ఏళ్లుగా అలవాటే. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆఫీసుకు వెళ్లే దారిలో కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం 'ది స్టార్' రోజూ కనిపిస్తుంది. అయితే ఆటలు లేని ఆఫ్‌సీజన్‌ను, అంటే జట్లు మనుషులను మార్చుకునే నెలలను, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఐపీఎల్ వేలం రెండు రోజుల్లో తేలిపోతుంది, ఇక్కడ ఆ తతంగం జనవరి నుంచి ఆగస్టు దాకా సాగుతుంది. ఎవరికుంది ఓపిక? మరి 2025లో ఎందుకు పట్టించుకున్నానంటే దానికి కారణం మా బావమరిది. వాడుండేది ఫిలడెల్ఫియా పక్కన. ఈగల్స్ అభిమాని. ఫిబ్రవరి 9న ఈగల్స్ 40-22తో కాన్సస్ సిటీని చిత్తు చేసి సూపర్ బౌల్ గెలిచింది. ఆట ముగిసిన రెండో నిమిషంలో ఫోన్.

"బావా, మీవాళ్లు ఆఖరిసారి గెలిచినప్పుడు నేను ఎల్‌కేజీలో ఉన్నాను."

అబద్ధం కాదు. కౌబాయ్స్ ఆఖరి సూపర్ బౌల్ 1996 జనవరిలో. 2024 సీజన్‌ను మేం ఏడు గెలుపులు, పది ఓటములతో ముగించాం. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ తొడ కండరం చిట్లి సగం సీజన్ బయట కూర్చున్నాడు. ఆ రాత్రే పంతం పట్టి ఎక్సెల్ షీటు తెరిచాను. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరుస. వయసు, జీతం, కాంట్రాక్టు ముగిసే ఏడు, ఉంచాలా పంపాలా అని నా తీర్పు. మా ఆవిడ వెనకనుంచి చూసి, "పిల్లాడి కాలేజీ డబ్బుల లెక్క ఇంత శ్రద్ధగా రాయవేం" అంది. అది వేరే షీటు.

షీటు మొదలుపెట్టేసరికే కోచ్ మార్పు అయిపోయింది. మైక్ మెకార్తీ కాంట్రాక్టు ముగిసింది, కొత్తది కుదరలేదు. ఆయన కింద అఫెన్స్, అంటే బంతితో దాడి చేసే విభాగం, చూసుకున్న బ్రయన్ షాటెన్‌హైమర్‌నే హెడ్ కోచ్‌ను చేశారు. అంతకుముందు ఎక్కడా హెడ్ కోచ్‌గా చేయని మనిషి. బయట వెతకడానికి బద్ధకించి ఇంట్లోవాళ్లకే పీట వేశారని ఆ వరుసలో రాసుకున్నాను. ఆ వ్యాఖ్య తర్వాత కొట్టేశాను. ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది.

మార్చి వచ్చింది. ఫ్రీ ఏజెన్సీ. పాతికేళ్లుగా ఉద్యోగాలు మారుతూ బతికిన నాకు ఇదొక్కటే తేలిగ్గా అర్థమైంది. కాంట్రాక్టు అయిపోయినవాడు ఎవరు ఎక్కువ ఇస్తే అటు పోతాడు. అసలు చిక్కు సాలరీ క్యాప్‌తో. ఒక్కో జట్టు ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని లీగ్ గీసిన గీత అది. 2025కి 279.2 మిలియన్ డాలర్లు. గట్టి గీతే అనుకున్నాను. మూడు వారాలు తిప్పలు పడి తెలుసుకున్నదేంటంటే, అది రబ్బరు గీత. ఆటగాడికి సంతకం చేసినరోజే 40 మిలియన్లు బోనస్‌గా చేతిలో పెట్టినా, లెక్కలో దాన్ని అయిదేళ్లకు పంచి ఏటికి ఎనిమిదేసి రాసుకోవచ్చు. డబ్బు ఇవాళ పోతుంది, పద్దు మాత్రం రేపటికి, ఎల్లుండికి జరుగుతుంది. మధ్యలో అతన్ని తీసేస్తే మిగిలిన పద్దంతా ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. దానికి డెడ్ మనీ అని పేరు. క్రెడిట్ కార్డు వాడేవాడెవడికీ ఇంతకన్నా వివరం అక్కర్లేదు. ఈ సంగతి తెలిశాక "క్యాప్‌లో చోటు లేదు" అనే మాట విన్నప్పుడల్లా, ఇంటికొచ్చిన అప్పులవాడితో "ఆయన ఊళ్లో లేరండీ" అని చెప్పించడం గుర్తొచ్చేది.

ఆ నెలలో పోయినవాళ్ల జాబితా పెద్దది. గార్డ్ జాక్ మార్టిన్ రిటైరయ్యాడు. పదకొండు సీజన్లు ఆడి, తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కు, అంటే లీగ్ తారల జట్టుకు, ఎంపికైనవాడు. లైన్ మధ్యలో నిలబడి ఎదుటివాణ్ణి ఆపడమే అతని పని. అలాంటివాళ్ల పేర్లు తప్పు చేస్తే తప్ప టీవీలో వినపడవు. అతని పేరు పదకొండేళ్లలో దాదాపు వినపడనే లేదు. డిమార్కస్ లారెన్స్ సియాటిల్ వెళ్లాడు. పరుగెత్తే రికో డౌడిల్ కరోలైనాకు, డాక్ బదులు ఆడే కూపర్ రష్ బాల్టిమోర్‌కు. వచ్చినవాళ్లలో డెన్వర్ నుంచి జవాంటే విలియమ్స్ అనే రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడు, ఒకడు. మోకాలికి పెద్ద దెబ్బ తగిలి కోలుకున్నవాడు, ఒక్క ఏడాది కాంట్రాక్టు. "చవక బేరం" అని రాశాను. అదీ కొట్టేయాల్సి వచ్చింది.

ఇవన్నీ సరే. మార్చి నెలంతా నా కళ్లు ఒకే వరుస మీద. పార్సన్స్, నంబర్ 11, కాంట్రాక్టు ముగిసే ఏడు 2025, జీతం 24 మిలియన్లు. పక్క గడిలో నేను రాసింది: "ఇప్పుడే కుదుర్చుకోవాలి."

ఎందుకో చెప్పాలంటే 2021 డ్రాఫ్టుకు వెళ్లాలి. ఆ ఏడు పదో పిక్ మాది. దాన్ని ఈగల్స్‌కు ఇచ్చి, రెండు మెట్లు దిగి, పన్నెండో పిక్‌తో పార్సన్స్‌ను తీసుకున్నాం. ఈగల్స్ పదో పిక్‌తో డివాంటా స్మిత్‌ను తీసుకుంది. ఒకే బేరంలోంచి ఇద్దరు కుర్రాళ్లు పుట్టుకొచ్చారన్నమాట. కొత్తగా వచ్చినవాడికి మూడు సీజన్లు అయ్యేదాకా కాంట్రాక్టు పొడిగించడానికి వీల్లేదు. అది లీగ్ నిబంధన. మూడూ పూర్తయిన 2024 ఏప్రిల్‌లోనే ఈగల్స్ స్మిత్‌తో సంతకం పెట్టించింది. మూడేళ్లకు 75 మిలియన్లు. మావాళ్లకూ అదే రోజున తలుపు తెరుచుకుంది. అప్పటికి ఆ స్థానంలో అందరికన్నా ఎక్కువ తీసుకుంటున్నవాడు శాన్ ఫ్రాన్సిస్కోలో నిక్ బోసా. ఏడాదికి 34 మిలియన్లు. పార్సన్స్‌కు దానికి కొంచెం పైన ఇస్తే పనైపోయేది.

మావాళ్లు ఆగారు. ఆగడం మావాళ్లకు కొత్త కాదు. విసిరిన బంతులు పట్టే మా సీడీ ల్యామ్ సంగతే చూడండి, 2024లో శిక్షణ శిబిరం మొత్తం రాకుండా కూర్చున్నాక ఆగస్టు చివర్లో సంతకం. డాక్ సంతకం మరీ అన్యాయం. సీజన్ మొదటి ఆట రోజున, ఆట మొదలు కాబోతుండగా కుదిరింది. ఏడాదికి 60 మిలియన్లు, అప్పటికి లీగ్ మొత్తంలో ఎవరికీ లేనంత. పెళ్లి పీటల దాకా తెచ్చి కట్నం మాట్లాడినట్టు. మాట్లాడి చివరికి అడిగినదానికన్నా ఎక్కువ ఇచ్చినట్టు.

పార్సన్స్ వరుస పక్కన ఇంకో నిలువు గీత గీసి, ఆ స్థానంలో మిగతా జట్లు ఎవరికి ఎంత ఇచ్చాయో నెలనెలా రాసుకుంటూ పోయాను. మార్చి మొదట్లో లాస్ వేగస్‌లో మాక్స్ క్రాస్బీకి ఏడాదికి 35.5. ఆ వారంలోనే క్లీవ్‌లాండ్‌లో మైల్స్ గారెట్‌కు 40. జులైలో పిట్స్‌బర్గ్‌లో టి.జె.వాట్‌కు 41. అన్నీ మిలియన్లే, ఏడాదికే. ఒక్కో సంతకం పడ్డప్పుడల్లా పార్సన్స్ ధర కూర్చున్న చోటే పెరిగింది. అతను ఒక్క శాక్ చేయక్కర్లేదు, అసలు మంచం దిగక్కర్లేదు. ఆగినకొద్దీ దిగివచ్చేది సంతలో కూరగాయల ధర. సాయంత్రమైతే వాడిపోతాయి కాబట్టి. ఇరవయ్యారేళ్ల కుర్రాడు వాడిపోడు.

నేనూ కాంట్రాక్టు మీద బతికినవాణ్ణే కనుక ఇందులో ఇంకో సంగతి కూడా తెలుసు. కొన్నేళ్ల కిందట నేను చేసే ప్రాజెక్టు డిసెంబర్‌తో ముగుస్తుంది. పొడిగింపు ఖాయమే, కాగితం వారంలో వస్తుందని సెప్టెంబర్ నుంచీ అంటూ వచ్చారు. పని నచ్చింది, మనుషులు నచ్చారు, వెళ్లాలని లేదు. అయినా నవంబర్‌లో ఒకరోజు రాత్రి బెంచ్ మీద కూర్చోవాల్సివస్తే ఏంటి గతి అని రెజ్యూమె దుమ్ము దులిపాను. దులిపాక ఒకరిద్దరు పిలిచారు. పిలిచాక వాళ్లు నాకు కట్టిన విలువ తెలిసింది. డిసెంబర్ 20న నా కాగితం వచ్చింది, అడిగినంతా ఇచ్చారు కూడా. అప్పటికి నా మనసు అక్కడ లేదు. ఎదురుచూడమన్నవాడికి తెలియనిదేమిటంటే, ఎదురుచూసేవాడు ఖాళీగా కూర్చోడు, కిటికీలోంచి బయటికి చూస్తాడు.

సరే, ఏప్రిల్. డ్రాఫ్ట్ ఆ ఏడాది జరిగింది గ్రీన్ బేలోనే! అప్పుడది ఉత్త ఊరి పేరు. మా ఫస్ట్ రౌండ్ పిక్ మళ్లీ పన్నెండు. అలబామా నుంచి టైలర్ బుకర్ అనే గార్డ్‌ను తీసుకున్నారు. మావాడు నిద్ర ఆపుకుని సోఫాలో కూర్చున్నాడు, బంతి పట్టుకుని పరుగెత్తేవాడెవడో వస్తాడని. గార్డ్ అనగానే దుప్పటి ముసుగేశాడు. నాకు మాత్రం నచ్చింది. మార్టిన్ ఖాళీ చేసిన చోట ఎవరో ఒకరు నిలబడాలి కదా. ఇల్లు కట్టేటప్పుడు పునాదికి పోసిన కాంక్రీటును ఎవరూ ఫొటో తీసుకోరు.

మే నెలలో పిట్స్‌బర్గ్ నుంచి జార్జ్ పికెన్స్‌ను తెచ్చారు. 2026 థర్డ్ రౌండ్ పిక్ ఒకటి ఇచ్చి, 2027లో మన ఫిఫ్త్ రౌండ్ పిక్ వాళ్లకూ వాళ్ల సిక్స్త్ రౌండ్ పిక్ మనకూ మార్చుకుని. బంతి గాల్లో ఎంత ఎత్తులో ఉన్నా తెచ్చుకునే మనిషి, కానీ కోపిష్టి అని పేరు. "తలనొప్పి" అని ఎర్ర రంగులో రాశాను. ఈ ఎనిమిది నెలల్లో నేను ఇచ్చిన తీర్పుల్లో ఇంత ఘోరంగా తప్పినది ఇంకోటి లేదు. మనం దూరాన కూర్చుని ఇంటర్వ్యూలు చూసి మనుషుల గుణగణాలు తేలుస్తాం చూడండి, అదంతా ఇంతే.

జులై చివర ఆక్స్‌నార్డ్‌లో శిబిరం మొదలైంది, కాలిఫోర్నియాలో. పార్సన్స్ వచ్చాడు. వచ్చాడు కానీ ప్రాక్టీసు చేయడు. రాకపోతే రోజుకింతని జరిమానా, వచ్చి పక్కన నిలబడితే జరిమానా లేదు. ఆగస్టు 1న తనను ట్రేడ్ చేయమని బహిరంగంగా అడిగేశాడు. మార్చిలో యజమాని జెర్రీ జోన్స్ నేరుగా ఆటగాడితోనే కూర్చుని మాట్లాడాడనీ, అక్కడే అంతా కుదిరిందని ఆయన అనుకున్నాడనీ, ఏజెంటు లేని మాటలు చెల్లవని అవతలివాళ్లు అన్నారనీ అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఎవరిది తప్పు అని మా ఇంట్లో రోజూ పంచాయతీ. ఆయనేమో జట్టు కొని మూడున్నర దశాబ్దాలు దాటిన మనిషి. మాట ఇచ్చుకున్నాం, చేయి కలిపాం అనే తరం. ఏజెంటు లేకుండా కాగితం కదలదని తెలియని మనిషైతే కాదు.

ఆగస్టు 22న అట్లాంటాతో ఆఖరి ప్రీసీజన్ ఆట. జట్టంతా నిలబడి ఉంటే, పార్సన్స్ గట్టు మీద వైద్యం బల్ల ఎక్కి పడుకుని కెమెరాకు చిక్కాడు. మావాడు టీవీ దగ్గరికి వెళ్లి మరీ చూశాడు. "నాన్నా, పడుకున్నాడేంటి?" నడుం నొప్పట అన్నాను. నాకే నమ్మకం లేదు. ఆ రాత్రి "ఇప్పుడే కుదుర్చుకోవాలి" అన్న గడిలో "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు" అని మార్చాను. ఆరు రోజుల తర్వాత గొడ్డలి పడింది. గ్రీన్ బే అతనికి ఇచ్చింది నాలుగేళ్లకు 188 మిలియన్లు, అంటే ఏడాదికి 47. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 35 దగ్గర అయిపోవాల్సిన లెక్క... కాదు కాదు, అంతకు ముందటి ఏడాది ఏప్రిల్‌లో. చూశారా, ఇప్పటికీ ఈ లెక్క రాస్తుంటే చేయి తడబడుతుంది.

మావాళ్ల వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2024లో మా డిఫెన్స్ ఎదుటివాళ్ల పరుగును ఆపలేక లీగ్‌లో అట్టడుగు జట్ల సరసన చేరింది. 2024 జనవరిలో ప్లేఆఫ్స్‌లో, మా సొంత స్టేడియంలో, ఇదే గ్రీన్ బే 48-32తో మా మొహం మీద తలుపు వేసింది. మధ్యలోంచి దారి చేసుకుని పరుగెత్తారు. క్లార్క్ ఆ మధ్యను మూసే మనిషి, మూడుసార్లు ప్రో బౌల్‌కు ఎంపికైనవాడు. ఒక్కడికే 47 పోస్తే మిగతా పదిమందికి ఏం మిగులుతుందని కూడా అన్నారు. మాట తప్పేం కాదు. కానీ ఆ మాట నమ్మేవాళ్లయితే బేరం మార్చిలోనే పెట్టి ఉండాల్సింది. డ్రాఫ్ట్ ముందు అమ్మేవాడికి పదిమంది కొనేవాళ్లు వస్తారు, ఆ పిక్‌లతో అదే ఏడాది మనుషులను తెచ్చుకోవచ్చు. సీజన్‌కు వారం ముందు మన అవసరం అందరికీ తెలిసిపోయి ఉంటుంది. ఉంచుకోవడానికీ ఆలస్యం, అమ్ముకోవడానికీ ఆలస్యం. నా ఫిర్యాదు అతన్ని పంపినందుకు కాదు, రెండు దారుల్లో ఏదైనా సరే, సకాలంలో తేల్చనందుకు.

సెప్టెంబర్ 4న ఫిలడెల్ఫియాలో మొదటి ఆట. బావమరిది వీడియో కాల్‌లో. 24-20తో ఓడాం. కానీ "చవక బేరం" జవాంటే విలియమ్స్ రెండు టచ్‌డౌన్లు చేశాడు, అంటే రెండుసార్లు బంతిని గోల్ గీత దాటించాడు. తర్వాతి వారం న్యూయార్క్ జెయింట్స్ మీద 40-37తో ఓవర్‌టైమ్‌లో గట్టెక్కాం. మా కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ 64 గజాల నుంచి కొట్టకపోతే ఓవర్‌టైమే లేదు. ఆ ఆటలో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ మా మీద 450 గజాలు విసిరాడు. తీరిగ్గా నిలబడి, చుట్టూ చూసుకుని, కాఫీ తాగేంత సమయం తీసుకుని విసిరాడు. అతని మీదికి వచ్చేవాడు లేడు. చికాగోలో అయితే 31-14తో ఓడాం.

సెప్టెంబర్ 28, ఆదివారం రాత్రి, మా సొంత స్టేడియంలోనే గ్రీన్ బేతో ఆట. పార్సన్స్ వచ్చాడు, ఆకుపచ్చ రంగులో. నంబర్ 1 వేసుకుని. "పదకొండులోంచి ఒక ఒకటి ఇక్కడ వదిలేసి వెళ్లాడు" అన్నాడు మావాడు. టేపు జెర్సీ వేసుకునే కూర్చున్నాడు. మూడు ఉతుకులకు టేపు అంచులు లేచి, పార్సన్స్‌లోని మొదటి అక్షరం కింద నుంచి తొంగి చూస్తోంది.

అలాంటి ఆట నేను చూడలేదు. షాటెన్‌హైమర్ అఫెన్స్ ఆగలేదు. ల్యామ్ దెబ్బతో బయట ఉంటే, నా షీటులో ఎర్రగా ఉన్న పికెన్స్ ఎనిమిది బంతులు పట్టుకుని 134 గజాలు, రెండు టచ్‌డౌన్లు చేశాడు. ఆట నడుస్తుండగానే ల్యాప్‌టాప్ తెరిచి ఎర్ర రంగు తీసేశాను. అవతల వాళ్ల అఫెన్స్‌ను కూడా మావాళ్లు ఆపలేదు. ఓవర్‌టైమ్‌లో గోల్ గీత దగ్గర డాక్ సందు చూసుకుని పరుగు తీశాడు. వెనకనుంచి ఒక్క మనిషి వచ్చి పట్టేశాడు. ఎవరో చెప్పక్కర్లేదు. అదే ఆ రాత్రి అతని ఒకే ఒక్క శాక్. టచ్‌డౌన్ కావాల్సింది, కాలితో కొట్టే మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నాం, 40-37. సమయం అయిపోతుండగా వాళ్లూ ఒక ఫీల్డ్ గోల్ కొట్టారు. 40-40. ఈ ఆటలో టై అనేది ఉంటుందని మావాడికి ఆ రాత్రే తెలిసింది.

ఫోన్ మోగింది.

"ఏరా, చూశావా?"

"చూశాను బావా. ఆఖరికి ఆటను కూడా తేల్చకుండా వదిలేశారు కదా మీవాళ్లు." నవ్వి, ఊపిరి తీసుకుని, "ఆ పికెన్స్ కాంట్రాక్టు ఎప్పటిదాకా?" అన్నాడు.

ఈ సీజన్‌తో సరి. పెట్టేయరా అని పెట్టేసి, షీటులో కొత్త వరుస తెరిచాను. పికెన్స్, నంబర్ 3, ముగిసేది మార్చిలో. తీర్పు గడిలో ఏం రాయాలా అని చూస్తుంటే మావాడు పక్కకొచ్చి, "నంబర్ 3 జెర్సీ కొనొచ్చా నాన్నా?" అన్నాడు.

"సంతకం పెట్టనీరా" అన్నాను.